ఆశ్రయగృహములలో అవసానసేవ



నేటి నా ప్రసంగవిషయము చెవులకు ప్రియమైనది కాదు. అయినను మన గ్రామములలోని పెద్దలు తప్పక ఆలోచింపవలసినది. పుట్టుకతోనో, పసితనమున వచ్చిన వ్యాధివలననో దేహమునందు గాని బుద్ధియందు గాని కొఱత యేర్పడి, ఒకరి చేయూత లేనిదే దినము గడపజాలనివారు మనలో నున్నారు. వారిలో కొందఱు తల్లిదండ్రులకడ గాక, తమ కొఱకై యేర్పఱచిన గృహములలో నివసించుచున్నారు. అట్టివారికి అవసానకాలము సమీపించినపుడు ఎవరు చూడవలెను? ఎట్లు చూడవలెను? ఎక్కడ చూడవలెను? ఈ మూడు ప్రశ్నలను గుఱించి నేను ముచ్చటింపదలచితిని.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి మన దేశమున వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. వీరిలో అత్యధికులు ఇండ్లలోనే యున్నారు. తల్లి అన్నము తినిపించును. తండ్రి స్నానము చేయించును. కాని తలిదండ్రులు శాశ్వతులు కారు. "మా తరువాత వీని గతి యేమి?" అను మాట మీ యూరిలో ఏదో యొక గడపలో మీరు వినియే యుందురు. ఆ మాటకు సమాధానముగా పుట్టినవే ఈ ఆశ్రయగృహములు. ఒక యింట ఆఱుగురో, పదిమందియో కలిసి యుందురు. వంటకు, స్నానమునకు, మందులకు సాయపడు మనుష్యు లుందురు. 1999లో చేయబడిన నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహువైకల్యములు గలవారికై ఇట్టి గృహములకు కేంద్రప్రభుత్వపు తోడ్పాటు ఏర్పడినది. ధర్మసంస్థలు నడపునవియు, తలిదండ్రులు కూడి నడపుకొనునవియు మఱికొన్ని కలవు.

పూర్వ మీ ప్రశ్న ఇంతగా పుట్టలేదు. కారణ మేమనగా, ఇట్టివారు చిన్ననాడే గతించెడివారు. డౌన్ సిండ్రోము అను జన్మవైకల్యము గలవారు 1929 ప్రాంతమున సగటున తొమ్మిదేండ్లు మాత్రమే జీవించెడివారని వైద్యులు వ్రాసిరి. నేడు వైద్యము చక్కగా దొరకు దేశములలో వారు అఱువదియేండ్ల వఱకు జీవించుచున్నారు. ఇది సంతోషింపదగిన మాట. కాని దీర్ఘాయువుతోపాటు ముసలితనము వచ్చును. దానివెంట ముసలితనపు వ్యాధులును వచ్చును. డౌన్ సిండ్రోము గలవారిలో పలువురికి ఏబదియేండ్లకే, కొందఱికి నలుబది దాటగనే, అల్జీమర్సు అను మతిమఱపు వ్యాధి పట్టుకొనును. అప్పటికి కన్నవారు ఉండరు. ఉన్నను, వారికే యొకరు చేయి పట్టవలసిన స్థితి. కాబట్టి ఆశ్రయగృహమే వారికి తుది యిల్లగుచున్నది.

తిక్కన సోమయాజి తెనిగించిన భారతములో ఆశ్రమవాసపర్వము మీలో పలువురు చదివినదే. ధృతరాష్ట్రుడు పుట్టంధుడు. గాంధారి కన్నులకు గంత కట్టుకొన్నది. కడపటి దశలో ఆ దంపతులు వనమునకు బయలువెడలినపుడు ముందు నడచినది కుంతి. ఆమె భుజముపై గాంధారి చేయి వేసినది; గాంధారి భుజముపై ధృతరాష్ట్రుడు చేయి వేసినాడు. ఎవరి కొడుకులవలన తన బిడ్డలు అడవుల పాలైరో, వారికే ఆమె దారి చూపినది. కురుసామ్రాజ్య మంతయు ఉండియు, ఆ యంధునికి చివరిదారిలో అక్కఱకు వచ్చినది ఒక మనిషి భుజము. తుదిదినముల సేవలో ముఖ్యాంశ మిదియే. తక్కినవన్నియు దీని వెనుక వచ్చునవి.

ఇక వైద్యమును గుఱించి చెప్పెదను. రోగము కుదురు దశ దాటినపుడు, "ఇక చేయవలసిన దేమియు లేదు, ఇంటికి తీసికొనిపొండు" అను మాట మనకు తఱచు వినబడును. ఆ మాటలో సగమే నిజము. రోగమును పోగొట్టుటకు చేయవలసినది లేకపోవచ్చును. రోగికి చేయవలసినది ఎంతయో యుండును. నొప్పిని తగ్గించుట, ఆయాసమును తగ్గించుట, పడకపుండ్లు పడకుండ చూచుట, భయమును పోగొట్టుట, కుటుంబమునకు ధైర్యము చెప్పుట, ఇవన్నియు వైద్యములోని భాగములే. దీనినే ఉపశమన చికిత్స అందురు. లండనులో సిసిలీ సాండర్స్ అను వైద్యురాలు 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆలయము వంటి ఆసుపత్రిని స్థాపించి ఈ విద్యకు ఆధునికరూప మిచ్చినది. ఆమె మొదట నర్సు. పిదప రోగుల కష్టసుఖములు విచారించు ఉద్యోగిని. ఆ తరువాతనే వైద్యము చదివినది. మరణించువాని బాధ దేహమునకు మాత్రమే చెందినది కాదనియు, మనస్సునకు, బంధువులకు, విశ్వాసమునకు గూడ చెందినదనియు ఆమె బోధించినది. మన దేశమున 1986లో బొంబాయియందు శాంతి అవేదన సదన్ ఏర్పడెను. 1993లో కేరళములోని కోళిక్కోడు వైద్యకళాశాలయందు డాక్టరు రాజగోపాలును, డాక్టరు సురేశ్ కుమారును, వారి మిత్రులును ఒక చికిత్సాకేంద్రమును ప్రారంభించిరి. అది గ్రామగ్రామమునకు ప్రాకి, ఇరుగుపొరుగువారే నేర్చుకొని రోగి యింటికి పోయి సేవ చేయు పద్ధతిగా పెరిగినది. 2008లో కేరళ ప్రభుత్వము దీనికై ప్రత్యేకమైన విధానమును ప్రకటించినది. మన తెలుగుదేశమున హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియందును, తెలంగాణములోని కొన్ని జిల్లా ఆసుపత్రులందును ఉపశమన చికిత్సావిభాగము లున్నవి.

ఈ చికిత్సలో ప్రధానమైన యౌషధము నల్లమందునుండి తీయబడు మార్ఫీను. ఈ పేరు వినగనే మనవారు ఉలికిపడుదురు. "ఇది యిచ్చినచో అంతే" అని గుసగుసలాడుదురు. అది పొరపాటు. వైద్యుడు నొప్పి కొలదిని మోతాదు నిర్ణయించి యిచ్చునపుడు మార్ఫీను నొప్పిని చంపును గాని మనిషిని చంపదు. అది మలబద్ధమును కలిగించును గనుక విరేచనపుమందు జతగా ఇయ్యవలెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు కట్టుబాట్లవలన ఈ మందు ఆసుపత్రులకు సయితము దుర్లభమై యుండెను. 2014లో ఆ చట్టమును సవరించి, అత్యవసరమైన ఇట్టి మందులకు దేశమంతటికి ఒకే నియమమును చేసిరి. అయినను మందు నిలువచేయు ఆసుపత్రి యెక్కడ నున్నదో ముందుగా తెలిసికొని యుండుట మేలు. అర్ధరాత్రివేళ నొప్పి వచ్చిన పిదప వెదకిన దొరకదు.

ఇంతవఱకు చెప్పినది అందఱికిని వర్తించును. వికలాంగుల విషయమున ప్రత్యేకముగా గమనింపవలసినది వేఱొకటి కలదు. నోరున్నవాడు నొప్పి యనును. నోరు లేనివాడు, మాట కుదరనివాడు ఏమనును? తలను గోడకు కొట్టుకొనును. అన్నపు పళ్లెమును త్రోసివేయును. రాత్రి నిద్రపోడు. లేదా మూల కూర్చుండి కదలడు. చూచువారు "వీని స్వభావమే అంత" అందురు. వైద్యుడు గూడ ఒక్కొకప్పుడు వైకల్యమునే చూచి, దాని చాటున నున్న రోగమును చూడకుండును. పిప్పిపన్ను, మలబద్ధము, మూత్రబంధము, కడుపులోని పుండు, ఇట్టి సామాన్యవ్యాధులే వీరియందు ప్రాణాంతకము లగుటకు ఇదియే హేతువు. ఇంగ్లండు నైరృతిభాగమున బుద్ధివికాసము కొఱవడిన 247 మంది మరణములను విచారించి 2013లో ఒక నివేదికను ప్రకటించిరి. ఇతరజనులకంటె వీరిలో పురుషులు 13 ఏండ్లు, స్త్రీలు 20 ఏండ్లు ముందుగా చనిపోవుచున్నారని అందు తేలినది. సంపన్నమైన, వైద్యశాలలు నిండిన దేశములోనే ఇట్లున్నది.

దీనికి ఆ దేశపు వైద్యులే యొక ఉపాయమును గనిపెట్టిరి. ఫలానా సైగ నొప్పికే గుఱుతని అందఱికిని వర్తించు సూత్రము లేదు. ఒక్కొక్కనికి ఒక్కొక్క గుఱుతు. కావున, మనిషి కులాసాగా నున్నపుడు వాని ముఖ మెట్లుండును, చేతు లెట్లుండును, కూత యెట్లుండును, నిద్ర యెట్లుండును అనునది, నిత్యము వానిని కనిపెట్టి యుండువారిచేత ముందుగా వ్రాయింతురు. కష్టములో నున్నపుడు అవి యెట్లు మాఱునో దాని ప్రక్కనే వ్రాయింతురు. తరువాత వైద్యుడు ఆ కాగితమునుబట్టి మనిషిని చదువును. దీనికి యంత్రము లక్కఱలేదు. రెండణాల పుస్తకమువంటిది చాలును.

ఇది యెంత ఉపయోగకరమో నేను కన్నులార చూచితిని. ఉద్యోగవిరమణానంతరము నేను వారమునకు రెండుమాఱులు ఒక గృహమునకు పోయి, అచ్చటివారికి భాగవతకథలు చెప్పుచుందును. అందొక నలుబదియైదేండ్లవా డుండెడివాడు. మాట లేదు; కాళ్లు చాలవు. ఎల్లప్పుడును ఒక స్టీలు గ్లాసును నేలపై టకటక కొట్టుచుండెడివాడు. ఆ చప్పుడు నా కథకు తాళమువలె నుండెడిది. ఒకనాటినుండి చప్పుడు నిలిచిపోయినది. "పాపము, నెమ్మదించినాడు" అని కొందఱు సంతోషించిరి. వానికి పదునెనిమిదేండ్లుగా అన్నము తినిపించుచున్న వంటమనిషి మాత్రము, "కాదండీ పంతులుగారూ, గ్లాసు ఊరక యున్నదంటే వీనికి ఎక్కడో సలుపుచున్నదన్న మాట" అన్నది. వైద్యునికడకు తీసికొనిపోగా ఉదరమున క్యాన్సరు ముదిరియున్నదని తెలిసినది. శస్త్రము పనికిరాదనిరి. మార్ఫీను ఆరంభించిరి. మోతాదు సరిపోయినదో లేదో తెలియు టెట్లు? మూడవనాడు గ్లాసు చప్పుడు మరల వినబడినది. అటుపిమ్మట నాలుగుమాసములు ఆ చప్పుడే వైద్యునకు కొలబద్ద యయ్యెను. చప్పుడు తగ్గిన దినమున ఆమె ఫోను చేసెడిది. వైద్యుడు మోతాదును సరిచేసెడివాడు. ఆమెకు చదువు రాదు. కాని ఆ మనిషిని గుఱించి ఆమె కున్న పాండిత్యము ఆ పట్టణములో మఱి యెవరికిని లేదు.

కాబట్టి ఇట్టివారిని పెద్దాసుపత్రికి తీసికొనిపోవలసి వచ్చినపుడు ఇట్లు ఎఱిగిన మనిషిని వెంట నుండనీయవలెను. "రక్తసంబంధము లేనివారు లోపలికి రాగూడదు" అని ద్వారమువద్ద నిలుపుట కొన్నిచోట్ల జరుగుచున్నది. మాటలేనివానికి ఆ మనిషియే నోరు. నోటిని బయట నిలిపి దేహమును లోపలికి పంపిన ప్రయోజన మేమి?

రెండవ విషయము, నిజము చెప్పుట. బుద్ధిమాంద్యము గలవారికి మరణము తెలియదని మన యూహ. తెలియకపోవుట కాదు, మనము చెప్పుట లేదు. తనకు ఓపిక తగ్గినదని, పడకనుండి లేవలేకపోవుచున్నానని వారికి తెలియును. చుట్టునున్నవారు గుసగుసలాడుచు కన్నీరు తుడుచుకొనుచుందురు. అది చూచి వారు తామేదో తప్పు చేసితి మనుకొని భయపడుదురు. ఒకేమాఱు అంతయు చెప్పనక్కఱలేదు. "నీకు జబ్బు చేసినది. మందువలన నొప్పి తగ్గును గాని జబ్బు పోదు. మేము నీదగ్గఱనే యుందుము" అని వారి కర్థమగు మాటలలో, బొమ్మలతో, సైగలతో, అడిగినంతమేరకు, అడిగిన ప్రతిసారియు చెప్పవలెను. ఎవరిని చూడవలెనని యున్నదో, ఏ పాట వినవలెనని యున్నదో, ఏ దేవుని పటము పెట్టవలెనో అడుగవలెను. వారి కోరికలు పెద్దవి కావు. ఒకడు అన్నగారి యెద్దులబండిని చూడగోరును. ఒకతె పచ్చగాజులు కోరును. అవి తీర్చుటకు ధనముకంటె తీఱిక కావలెను.

మూడవ విషయము, ఆహారము. ఇది మన యిండ్లలో మిక్కిలి వివాదమునకు కారణమగుచున్నది. అంగవైకల్యము గలవారిలో పలువురికి మ్రింగుట కష్టము. మెతుకు గొంతులోనికి గాక ఊపిరిగొట్టములోనికి పోయి, ఊపిరితిత్తుల వాపు పుట్టును. వీరి మరణములకు ముఖ్యకారణములలో ఇది యొకటి. కాన, కూర్చుండబెట్టి, కొద్దికొద్దిగా, మెత్తగా జేసి, మ్రింగినపిదపనే రెండవముద్ద నీయవలెను. తుదిదినములలో ఆకలి తనంత తానే సన్నగిల్లును. అది చావునకు కారణము కాదు, చావు సమీపించుటకు లక్షణము. అప్పుడు బలవంతముగా పెట్టుట హింస యగును. ఊరినుండి వచ్చిన బంధువులు ఇది తెలియక, "అన్నము పెట్టక చంపినారు" అని ఆ గృహమువారిని నిందింతురు. ఆ నింద అన్యాయము.

ఇచ్చట నేను చదువుకొన్న సంప్రదాయమును గూర్చి యొకమాట. అవసానమున నోట తులసితీర్థము పోయుట మన యాచారము. మ్రింగజాలనివాని నోట ఉద్ధరిణెతో తీర్థము పోసినచో అది ఊపిరికి అడ్డుపడును. పుణ్యమునకు పోయి బాధ కలిగించినవార మగుదుము. శుభ్రమైన దూదిని తీర్థమున తడిపి పెదవుల కద్దినచో చాలును. నోరు తడియుటవలన దేహమునకు హాయి, తీర్థమువలన మనస్సునకు తృప్తి, రెండును కలుగును.

ఇక మూడు ప్రశ్నలలో కడపటిది: ఎక్కడ? నా ప్రసంగములో అతిముఖ్య మిదియే. ఇట్టి గృహములు పెక్కు అద్దెయిండ్లలో నున్నవి. అందు నివసించువాడు ఇరువదియేండ్లు ఆ గదిలో నున్నను, ప్రాణము పోవుదినము సమీపించినదనగనే, ఎక్కడికైన తీసికొనిపొండని తొందర మొదలగును. ఇంటి యజమాని భయపడును. పొరుగువారు భయపడుదురు. గ్లాసువాని విషయమున నిట్లే జరిగినది. యజమాని వచ్చి, "నక్షత్రము మంచిది కానిచో ఇల్లు నెలలతరబడి మూయవలెను, మఱి నా కెవరు అద్దెకు వత్తురు?" అనెను. ఆయన దుర్మార్గుడు కాడు. ఆ భయము మనలో నెల్లరకు నున్నదే. పండితుడ నని నన్నడిగిరి. నేను చదివిన గ్రంథములనుబట్టి చెప్పితిని: ధనిష్ఠాపంచకాదులయందు మరణము సంభవించినచో దోషము చెప్పినవారే దానికి శాంతియు చెప్పినారు. దోషము కాలమునకు సంబంధించినది, శాంతితో పోవునది. ఊపిరి యున్నవానిని తన పడకనుండి లేపి వీధిలో నుంచుమని ఏ ఋషియు చెప్పగా నేను చదువలేదు. అప్పుడు ఆ వీధిలోని యొక వృద్ధుడు, "అద్దెయింట చావరాదన్నచో మా పిల్లలందఱు పట్టణములలో అద్దెయిండ్లలోనే యున్నారు గదా, వారి దగ్గఱ నున్న మేమెక్కడ చావవలెనయ్యా?" అనెను. యజమాని మఱి మాటాడలేదు. వాడు తన పడకమీదనే, తెల్లవారుజామున, ఆ వంటమనిషి చేయి పట్టుకొని కన్ను మూసెను. శాంతి చేయించిరి. ఆ యింట నేటికిని జనులు సుఖముగా నున్నారు.

అయ్యా, మనిషికి ఇల్లనగా నేమి? వాన పడకుండ కప్పున్న చోటంతయు ఇల్లు కాదు. కప్పు సత్రమునకు నున్నది, రైలుస్టేషనునకు నున్నది. "ఇది నాది, ఇచ్చటనుండి నన్ను వెళ్లుమనరు" అను ధైర్య మున్న చోటే ఇల్లు. చివరిదినమున వెళ్లుమనునది ఇల్లు కాదు, బస. ఆసుపత్రివలన మేలు కలుగునపుడు ఆసుపత్రికే పోవలెను. అందు సందేహము లేదు. మేలు కలుగదని వైద్యుడు చెప్పిన తరువాత భయముచేత మాత్రము తీసికొనిపోగూడదు.

ఒకరు పోయిన పిదప తోటివా రుందురు. వారిని మనము మఱచిపోదుము. రాత్రికిరాత్రి దేహమును తరలించి, తెల్లవాఱి "ఊరికి పోయినాడు" అని చెప్పుదురు. ఆ వచ్చునను నమ్మకముతో వారు నెలలకొలది గుమ్మమువంక చూచుచుందురు. అట్లు చేయరాదు. చనిపోయెనని స్పష్టముగా చెప్పవలెను. చూడగోరినవారికి చూపవలెను. పూవు వేయనీయవలెను, నమస్కరింపనీయవలెను. నే నెఱిగిన గృహమున ఒక యువతి పదునొకండు దినములు భోజనవేళ ఆ స్టీలు గ్లాసును వాని చోటున పెట్టినది. ఎవరును వారింపలేదు. పండ్రెండవనాడు తానే తీసి కడిగి బల్లమీద బోర్లించినది. ఆమెకు మరణము తెలియదని యెవరనగలరు?

చట్టమును గుఱించి క్లుప్తముగా చెప్పెదను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, తక్కినవారితో సమానముగా తమ విషయములు తాము నిర్ణయించుకొను హక్కు వారి కున్నదని చెప్పినది. తోడ్పాటు కావలసినవారికి పరిమితసంరక్షకు డుండును. అతడు వారితో కలిసి నిర్ణయింపవలెనే గాని వారిని ప్రక్కకు నెట్టి కాదు. నేషనల్ ట్రస్టు చట్టముక్రింద, పదునెనిమిదేండ్లు నిండినవారికి సంరక్షకుని నియమించుటకు జిల్లాలో స్థానికసంఘ ముండును. అందు కలెక్టరుగారు, ధర్మసంస్థ ప్రతినిధి, వికలాంగుడొకరు సభ్యులు. తల్లిదండ్రులు జీవించియుండగనే తమ తరువాత ఎవరో నిశ్చయించి ఈ పని జరిపించుకొనుట మంచిది. గౌరవముతో మరణించుట జీవించుహక్కులోని భాగమే యని 2018 మార్చి 9వ తేదీన సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది; దాని నియమములను 2023 జనవరిలో సులభపఱచినది. కుదురునను ఆశ లేనపుడు, ప్రాణమును యంత్రములతో సాగదీయు చికిత్సను వైద్యమండలుల పరిశీలనతో నిలుపవచ్చును. ఇది ప్రాణము తీయుటకు ఇచ్చిన అనుమతి కాదు. మఱొక హెచ్చరిక కూడ చేయవలెను. "వీడు వికలాంగుడు గదా, ఇంకెందుకు వైద్యము?" అని కుదురు రోగమునకు చికిత్స మానుట ఉపశమనము కాదు, పాతకము. వైకల్యము మరణమునకు కారణము కాదు; అది వాని జీవితరీతి మాత్రమే.

ఇక గ్రామపెద్దలు చేయదగినది. మీ యూరి బిడ్డ పట్టణములోని గృహమున నున్నచో, ఏడాదికి రెండుమాఱులైన పోయి చూడుడు. వాని తల్లి బ్రతికియుండగనే, వాని యిష్టానిష్టములను, నొప్పి గుఱుతులను అడిగి వ్రాయించి, ఆ గృహమున కొక ప్రతి యిండు. సంరక్షకుని విషయము స్థానికసంఘమువద్ద తేల్చుడు. కర్మ చేయువా రెవరో, దహనమో ఖననమో ఎక్కడ జరుగునో ముందే అనుకొనుడు. ఆ ఘడియలో తగవు పుట్టరాదు. మీ వీధిలో ఇట్టి గృహ మున్నచో, అచ్చట నొకరు కన్ను మూయు వేళ మీ తలుపులు మూయకుడు. ఒక చెంబెడు నీళ్లతో, నాలుగు మాటలతో వెళ్లి కూర్చుండుడు. మీరు వెళ్లినచో వీధి యంతయు వెళ్లును; మీరు వెఱచినచో వీధి యంతయు వెఱచును. పెద్దఱికమున కున్న బలము అదియే.

పుట్టినపుడు మన మెవ్వరము మాటలాడలేదు, నడువలేదు; ఒకరి చేతులలో పెరిగితిమి. పోవునపుడును మనలో పలువురము మాట పడిపోయి, కాళ్లు పడిపోయి, ఒకరి చేతులలోనే పోవుదుము. ఆ స్థితిలో జీవితమంతయు గడపినవారికి నేడు మనము చేయు మర్యాదయే ఱేపు మనకు మన పిల్లలు నేర్చుకొని చేయు మర్యాద.